నోటికి జాకీ

నాది పెద్ద నోరని ఆటోనగర్‌లో మా వీధి వీధంతా చెప్పుకుంటుంది. పక్కన లారీ ఇంజను మోగుతున్నా నా తిట్టు నాలుగు షాపుల అవతలికి వినపడుతుంది. అలాంటి నోట్లో డాక్టరమ్మ వేలు పెట్టి చూసి, "ఒక్క వేలే పడుతోందమ్మా," అంది. నేను నమ్మలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి నా వేళ్ళే పెట్టి చూసుకున్నాను. చూపుడువేలు పట్టింది. దాని మీద మధ్యవేలు కూడా ఎక్కించి తొయ్యబోయాను. పళ్ళు వేళ్ళ మీది చర్మాన్ని గీరేశాయి గాని దవడ కదల్లేదు. కోపమొచ్చి అద్దాన్ని గుద్దాను. అద్దం పగిలింది, చెయ్యి తెగింది. నోరు మాత్రం తెరుచుకోలేదు.

పొగాకు వల్ల వచ్చిన జబ్బు. దాచడానికేముంది. పెళ్ళయిన కొత్తలో కొలిమి దగ్గర ఆకలి తెలియకుండా ఉండడానికి పొగాకు కాడ దవడన పెట్టడం నేర్చుకున్నాను. తరవాత వక్కా, సున్నం, పొగాకూ కలిపిన పొట్లాలు వచ్చాయి. అమ్మకూడదంటారు, అమ్ముతారు. రోజుకు పన్నెండు నమిలేదాన్ని. బుగ్గల లోపల తెల్లబడి, తోలులాగా గట్టిపడిపోయింది. కూరలో కారం తగిలితే నిప్పు మింగినట్టు ఉండేది. అన్నం ముద్ద పట్టేది కాదు. ఏడాదిగా గంజి తాగడం, మజ్జిగన్నం మెత్తగా పిసికి జుర్రుకోవడం, అంతే నా తిండి.

డాక్టరమ్మ చిన్నది, నా చెల్లెలి కూతురి వయసుంటుంది. గుప్పెడు ఐస్‌క్రీమ్ పుల్లలు తీసి ఒక్కొక్కటే నా పళ్ళ మధ్య పేర్చింది. తొమ్మిది పట్టాయి.

"పొట్లం మానెయ్యాలమ్మా. రోజూ మూడు పూటలా ఈ పుల్లలు పెట్టుకుని కాసేపు కూర్చోవాలి. వారానికో పది రోజులకో ఒకటి పెంచండి. తొందరపడొద్దు. పదహారు పడితే రెండు వేళ్ళంత తెరుచుకున్నట్టు. మూడు నెలలు చూద్దాం."

"తెరుచుకోకపోతే?"

"బుగ్గల లోపల కోసి తెరవాలి. కోసినా మీరు నమలడం మానకపోతే మళ్ళీ బిగుసుకుంటుంది."

కత్తికి భయపడే మనిషిని కాను. కానీ ఆ రోజు బయట బల్ల మీద నా పక్కన ఒకామె కూర్చుని ఉంది, అదే ఆపరేషన్ అయినామె. ముక్కులో గొట్టం, ఒళ్ళో తువ్వాలు, మూతి వెంట చొంగ. ఆమె మొగుడు గొట్టంలోకి ఏదో పోస్తున్నాడు. నాకు కావలసింది ఒక్కటే. నా చేత్తో కలుపుకుని నా నోట్లో నేనే పెట్టుకుని తినాలి. కొయ్యకుండా అది జరగాలి.

ఇక్కడ నా పని సంగతి చెప్పాలి. లేకపోతే తరవాత నేను చేసిన పిచ్చిపని మీకు అర్థం కాదు.

లారీ చక్రాల పైన బరువు మోయడానికి కమాను పట్టీలుంటాయి, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పట్టీలు. అవి వంపు పోతే కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి అనే ఇనప దిమ్మె మీద పెట్టి, సమ్మెటతో కొట్టి మళ్ళీ వంపు తేవాలి. మా ఆయన ఎడమచేత్తో పట్టకారు పట్టేవాడు, కుడిచేతిలో చిన్న సుత్తి. సమ్మెట నాది. ఆయన సుత్తితో పట్టీ మీద ఎక్కడ తడితే అక్కడ నేను వెయ్యాలి. చాలనుకున్నప్పుడు పట్టీని వదిలేసి ఉత్త దాగలి మీద ఒకటి తడతాడు. టంగుమంటుంది. ఆపమని గుర్తు. ఆ మోత విన్నాక సమ్మెట లేవకూడదు, ఎందుకంటే పట్టీని తిప్పడానికి పట్టకారు జరుపుకుంటూ ఆయన చెయ్యి అప్పటికే దాని దగ్గరికి వచ్చేస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళు అలా కొట్టాను. కొట్టడం నాది, ఆపడం ఆయనది. ఎక్కడ ఆపాలో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆయన ఇంట్లోనూ కొట్టేవాడు. నన్ను. ఒకరోజు పొద్దున అన్నంలో రాయి వచ్చిందని చెంబు తీసి నా చెవి మీద కొట్టాడు. చెవిలో హోరు తగ్గకుండానే ఇద్దరం పనికొచ్చాం. పట్టీ కాలింది. ఆయన తట్టిన చోటల్లా వేశాను. టంగుమంది. హోరులో వినపడలేదని తరవాత అందరికీ చెప్పాను. ఆయనకీ అదే చెప్పాను. అబద్ధం. విన్నాను. విని, సమ్మెట ఎత్తి, వేశాను. ఆయన ఎడమచేతి వేళ్ళు రెండు పట్టీకీ సమ్మెటకీ మధ్య చితికిపోయాయి. కాలిన వాసన వచ్చింది. ఆయన అరుస్తుంటే నేను సమ్మెట కింద పెట్టకుండా చూస్తూ నిలబడ్డాను. ఇంకొకటి వేసేదాన్నేమో, పక్క షాపువాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

ఆ తరవాత ఆయన బతికినన్నాళ్ళూ నా మీద చెయ్యెత్తలేదు. ఆ రెండు వేళ్ళూ వంకరగానే ఉండిపోయాయి. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు కరెంటు సుత్తి పెట్టాను, ఇద్దరు పనివాళ్ళున్నారు, నేను స్టూలు మీద కూర్చుని అజమాయిషీ చేస్తాను. కానీ వంగనిదాన్ని కొట్టి వంచాలన్నది నా ఒంట్లోంచి పోలేదు. ఎదురుగా ఎవరూ మిగలకపోతే నన్ను నేనే కొట్టుకునే రకం.

మొదటి వారం పొట్లం ముట్టలేదు. తల పగిలిపోయేది. కారణం లేకుండా పనివాడి మీదికి స్పానరు విసిరాను. అది వాడి భుజం పక్కనుంచి వెళ్ళి రేకుకి తగిలింది. ఎనిమిదో రోజు కిళ్ళీ బడ్డీ ముందు ఆగాను. ఒక్కటే అనుకున్నాను, మూడు నమిలాను. ఇంటికొచ్చి తలుపేసుకుని, కాలి చెప్పు తీసి నా మూతి మీద నేనే కొట్టుకున్నాను. పై పెదవి చిట్లింది. మర్నాడు మళ్ళీ నమిలాను, మళ్ళీ కొట్టుకున్నాను.

చెప్పుదెబ్బ తిన్నాక మనసు తేలికపడేది. తప్పు చేశాను, శిక్ష పడింది, ఇక అయిపోయిందన్నట్టు ఉండేది. తేలికపడ్డ ఆ మనసుతోనే మర్నాడు మళ్ళీ బడ్డీ దగ్గరికి నడిచేదాన్ని. దెబ్బకీ పొట్లానికీ పొత్తు కుదిరిందని నాకప్పుడు తట్టలేదు.

మా పక్క షాపు లేతు మిషను భాయ్‌ది. పాతికేళ్ళ పరిచయం. నా మూతి చూసి మిషను ఆపేశాడు.

"ఏందక్కా ఆ మూతి? ఎవడు కొట్టాడు? పేరు చెప్పు."

"నేనే."

"నువ్వే కొట్టుకున్నావా? ఎందుకు?"

"పొట్లం ఏసుకున్నా."

"మరి నీ పనోళ్ళు బీడీ తాగితే వాళ్ళ మూతి కూడా చెప్పుతో పగలగొడతావా?"

"వాళ్ళనెందుకు కొడతా? దెబ్బ తగిలి పడుకుంటే పనెవడు చేస్తాడు?"

"మరి నీ మూతి పగిలిపోతే ఈ ఈధిలో తిట్టేదెవరు? మాకు పొద్దు పోవద్దా?"

నవ్వొచ్చింది గాని పెదవి సాగలేదు.

నెల దాటేసరికి పుల్లలు పదకొండయ్యాయి. నెలంతా కూర్చుంటే రెండు పుల్లలు. ఇంకా అయిదు కావాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. సరుకుతో ఉన్న లారీని జాకీ పెట్టి ఒంటిచేత్తో లేపుతాను, ఈ దవడ లేవదా అనుకున్నాను.

లేపడానికే కూర్చున్నాను. పనివాళ్ళు అన్నానికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం రెండు చిన్న ఇనప బిళ్ళలు కోశాను. మధ్యలో బోల్టు, దానికి నట్టు. నట్టు తిప్పితే బిళ్ళలు దూరంగా జరుగుతాయి. పళ్ళు విరక్కుండా వాటికి పాత ట్యూబు రబ్బరు చుట్టాను. అంతవరకు తెలివుంది. దాన్ని పళ్ళ మధ్య ఇరికించుకుని, బాగుకొచ్చిన లారీ పక్కద్దంలో చూసుకుంటూ స్పానరుతో తిప్పాను.

ఒక చుట్టు. చెవుల దగ్గర కీళ్ళు కరకరమన్నాయి. రెండు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడో చుట్టు సగంలో ఉండగా పాతగుడ్డ చింపిన చప్పుడైంది. బయటినుంచి కాదు, ఎముకలోంచి వినపడింది. ఆపాలని నాకు తెలుసు. కానీ దాగలి మీద టంగుమనిపించే మనిషి లేడు. ఇంకో అర చుట్టు తిప్పాను.

నోట్లో వేడిగా నిండింది. అద్దంలో చూస్తే గడ్డం, మెడ, జాకెట్టు అన్నీ ఎర్రగా ఉన్నాయి. వెనక్కి తిప్పబోతే స్పానరు రక్తానికి జారిపోతోంది. అరుద్దామనుకున్నాను. నాలుగు షాపులకి వినపడే నోట్లో ఇనుముంది. గురగురమని తప్ప శబ్దం రాలేదు. రక్తం గొంతులోకి దిగి పొరబోయింది. చేతిలో స్పానరుతో లారీ తలుపుని బాదాను. రేకు సొట్టలు పోయేదాకా బాదాను.

భాయ్ పరిగెత్తుకొచ్చాడు.

"యా అల్లా! ఏం చేసుకున్నావక్కా ఇది! కదలమాక. తల కదిలించమాక. ఎటు తిప్పితే ఊడుద్ది? ఇటా?"

వేలుతో చూపించాను. అతను ముందు నట్టు మీది రక్తాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. తరవాత స్పానరు పెట్టి, కొంచెం తిప్పి, ఆగి, నా కళ్ళలోకి చూసి, మళ్ళీ కొంచెం తిప్పాడు. అంత నెమ్మదిగా పనిచేసే మనిషిని నేనెప్పుడూ భరించలేదు. ఆ రోజు భరించాను. బిళ్ళలు ఊడి చేతిలో పడగానే వాటిని వీధిలోకి విసిరేశాడు.

నోట్లో గుడ్డ కుక్కి ఆటో ఎక్కించాడు. తిట్లు అక్కడ మొదలుపెట్టాడు.

"చల్లగా ఉన్న పట్టీని ఎప్పుడన్నా వంచావా నువ్వు? ఇరిగిపోద్దని అందరికీ చెప్పేది నువ్వే కదా? ఇనుముకైతే కొలిమి ఎలిగిస్తావు, ఎర్రబడేదాకా కాసుకు కూర్చుంటావు. నీ నోటికి వేణ్ణీళ్ళన్నా పెట్టవా? ఇనుము పాటి చెయ్యదా నీ నోరు?"

జవాబు చెప్పడానికి నోరు ఖాళీగా లేదు. పాతికేళ్ళుగా నా తిట్లు విన్నవాడు కదా, దొరికిన అవకాశాన్ని బెంజి సర్కిల్ దాటేదాకా వాడుకున్నాడు.

డాక్టరమ్మ నాలుగు కుట్లు వేసింది. గట్టిగా మాట్లాడలేదు, అదే నాకు భయమేసింది.

"చిరిగిన చోట మచ్చ కడుతుందమ్మా. మచ్చ కట్టిన చోట ఇంకా బిగుస్తుంది. మీరు తెరిచాననుకున్నారు. మూశారు."

వాపు తగ్గాక కొలిచింది. ఏడు పుల్లలు. మొదలుపెట్టిన చోటికన్నా రెండు తక్కువ.

"గాయం మానాక మళ్ళీ మొదటినుంచి. మూడు నెలలే ఇస్తాను. ఇంకోసారి చిరిగిందా, ఇక పుల్లల మాటే లేదు. నేరుగా ఆపరేషనే."

కుట్లున్న రోజుల్లో మాట్లాడొద్దంది. షాపులో సుద్దముక్క తీసుకుని రేకు తలుపు మీద రాసి పని చెప్పేదాన్ని. రాయడం నాకు ఇప్పటికీ నెమ్మదే. "ఎద్దూ, అది కాదు, పొడుగు పట్టీ," అని రాసేసరికి పట్టీ సగం చల్లారిపోయేది. పనివాడు చదువుకుని, "రాసి తిడితే తిట్టు బానే చిన్నదౌద్దమ్మా. రోజూ ఇట్టాగే తిట్టు," అన్నాడు. సుద్దముక్క వాడి నెత్తిన విసిరాను.

కానీ ఆ సుద్దముక్క వల్లనే పాస్టరమ్మగారు గుర్తొచ్చింది. నాకు యాభై మూడేళ్ళప్పుడు చర్చి వరండాలో ఆవిడ అక్షరాలు నేర్పింది. నేను పెన్సిలుని సమ్మెట పట్టినట్టు పట్టేదాన్ని. కాగితం చిరిగి కింద చాప మీద గీత పడేది. ఒక్క అక్షరం దగ్గర నెల రోజులున్నాను. ఒకరోజు అది మళ్ళీ వంకర పోయిందని, కుడిచెయ్యి వరండా స్తంభానికేసి కొట్టాను. వేళ్ళ ఎముకల మీద తోలు లేచిపోయింది. ఆవిడ కేకలెయ్యలేదు. నీళ్ళు తెచ్చి కడిగింది.

"ఆ చెయ్యి పగలగొట్టుకుంటే రేపు దేంతో రాస్తారండీ? ఇవాళ్టికి చాలు. పుస్తకం మూసెయ్యండి," అంది.

అక్షరం రాకపోయినా చాలనేది, వచ్చినా చాలనేది. ఇంకా రాస్తానన్నా చాలనే అనేది. నాకది పరమ చిరాకుగా ఉండేది. నా పేరు నేను తడబడకుండా రాయడానికి ఒక ఏడాది పట్టింది, బస్సు మీది ఊరి పేరు బస్సు వెళ్ళిపోయేలోపు చదవడానికి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో నా చేతిని నేను కొట్టుకున్నది ఆ ఒక్కసారే. నాకు వచ్చిన పనుల్లో దెబ్బల్లేకుండా వచ్చింది ఆ ఒక్కటే అని నోట్లో కుట్లతో కూర్చుని లెక్కేసుకున్నాను.

గాయం మానింది. ఏడు పుల్లలతో మొదలుపెట్టాను. ముందు వేడినీళ్ళలో ముంచిన గుడ్డ దవడల మీద వేసుకునేదాన్ని. భాయ్ దూరం నుంచి చూసి, "కొలిమి ఎలిగించావా అక్కా?" అనేవాడు. పుల్లలు పెట్టుకోవడం కష్టం కాదు. నొప్పి మొదలవగానే ఒక పుల్ల తీసెయ్యాలని చెప్పింది డాక్టరమ్మ. ఆ తియ్యడం కష్టం. పట్టుకున్నదాన్ని వెనక్కి తీసుకోవడం నా చేతికి రాదు. తీసినప్పుడల్లా ఎవరో నన్ను ఓడించినట్టు ఉండేది. ఒకరోజు ఆ కచ్చ పట్టలేక, పాత పట్టీ ఒకటి దాగలి మీద పడేసి చల్లగా ఉండగానే సమ్మెటతో కొట్టి ముక్కలు చేశాను. ఒక ముక్క ఎగిరి పిక్కలో దిగింది. దానికీ రెండు కుట్లు పడ్డాయి.

"ఈసారి ఎక్కడ?" అంది డాక్టరమ్మ.

"కాలు. నోరు కాదులే," అన్నాను.

పొట్లం మళ్ళీ నమిలాను. మానేశానని రాస్తే వినడానికి బాగుంటుంది గాని మానలేదు. పుల్లలు మళ్ళీ మొదలుపెట్టిన పదమూడో రోజు అది. ఇంట్లో గడియ పెట్టుకున్నాను. చూస్తే చెప్పు చేతిలో ఉంది. ఎప్పుడు తీశానో నాకే తెలియదు. అలాగే నిలబడ్డాను. మూతి దెబ్బ కోసం ముందే బిగుసుకుంది. ఆ బిగువు పుల్లలు పెట్టుకున్నప్పుడు ఉండే బిగువే. నాకు రెండు అలవాట్లున్నాయని అప్పుడు తెలిసింది. పొట్లం ఒకటి, చెప్పు ఒకటి. ఇన్నాళ్ళూ ఒకదానితో ఇంకొకదాన్ని మాన్పించాలని చూశాను.

చెప్పు కాలికి తొడుక్కున్నాను. నోరు పుక్కిలించి ఉమ్మేశాను. స్టవ్వు మీద నీళ్ళు పెట్టుకుని, ఆ పూట పుల్లలు ఆ పూట పెట్టుకున్నాను. శిక్ష పడని తప్పు నెత్తి మీదే కూర్చుంది. రెండు రోజులు దిగలేదు. ఆ రెండు రోజులూ బడ్డీ వైపు పోవడానికి సిగ్గేసింది. దెబ్బ తిన్న మర్నాడు ఆ సిగ్గు ఎప్పుడూ ఉండేది కాదు.

ఏడు ఎనిమిదయ్యాయి. తొమ్మిది. మళ్ళీ ఎనిమిది. ఒక నెల పదకొండు దగ్గరే మొరాయించింది. పదమూడు. మొత్తం మీద తొమ్మిదిసార్లు నమిలాను. ఒకసారి మాత్రం చెప్పు కూడా వాడాను. మిగిలిన ఎనిమిదిసార్లు వాడలేదు.

మూడు నెలల గడువు రోజు గవర్నర్‌పేటలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎదురుగా ట్రేలో కత్తులు, కత్తెరలు ఉన్నాయి. అవి ఎవరి కోసమో నాకు తెలియదు, నాకోసమే అనుకున్నాను. డాక్టరమ్మ పుల్లలు పేర్చింది. పద్నాలుగు. పదిహేనోది తోసింది, నొప్పి పుట్టింది. నా చెయ్యి లేచి ఆమె మణికట్టు పట్టుకుంది.

"నొప్పా?"

తల ఊపాను. ఆమె పదిహేనోది తీసేసింది.

"పదహారు రాలేదు కదా," అన్నాను నోరు ఖాళీ అయ్యాక. "కోస్తావా?"

"ఏడునుంచి పద్నాలుగుకి వచ్చారు. కదులుతున్నదాన్ని కొయ్యనమ్మా. ఇలాగే కానివ్వండి. పొట్లం?"

"తొమ్మిదిసార్లు."

ఆమె రాస్తూ ఆగింది. "మూడు నెలల్లో తొమ్మిదా? ముందు రోజుకి ఎన్ని?"

"పన్నెండు."

తిడుతుందని కాచుకున్నాను. రాసుకుని, బుగ్గ లోపలి తెల్ల మచ్చ మీద లైటు వేసి చాలాసేపు చూసింది. అది పోలేదంది, నెలనెలా చూపించుకోవాలంది. మంచి కబురూ చెడ్డ కబురూ ఒకే గొంతుతో చెప్పే పిల్ల.

బయటికొచ్చి మొదట కనపడ్డ టిఫిన్ హోటల్లో కూర్చున్నాను. రెండు ఇడ్లీ, నెయ్యి, చట్నీ వద్దు, కారప్పొడి అసలే వద్దన్నాను. పావు ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాను. పై పళ్ళకి తగల్లేదు, కింద పళ్ళకి తగల్లేదు. నాలుక మీద కూర్చుంది. నమిలాను. ఇంకో పావు.

ప్లేట్లు తీసే అతను నా ముందు ఆగాడు. "ఏంటమ్మా, ఏడుస్తన్నారు? కారం తగిలిందా?"

"నువ్వు కారం ఎక్కడేశావు? పక్కకి జరుగు, తిననియ్యి."

రెండో ఇడ్లీ సగంలో దవడ లాగడం మొదలైంది. ఆకలి ఇంకా ఉంది. ప్లేటు దగ్గరికి వెళ్ళిన చెయ్యి ఆపుకున్నాను.

"ఇది పార్సిల్ కట్టు," అన్నాను.

"సగం ఇడ్లీకి పార్సిలేందమ్మా?" అని నవ్వాడు.

"సగమే. కట్టు. సాయంత్రం తింటా."